పిల్లి గిన్నెకు చీమలు: గీత గీయండి, కానీ నీళ్ళతో

ప్రశ్న: మా ఇంట్లో ఒక పిల్లి, ఒక ముసలి కుక్క ఉన్నాయి. కుక్క రెండు పూటలా పెట్టింది పెట్టినట్టే తినేస్తుంది. పిల్లి మాత్రం రోజంతా కాస్త కాస్త కొరుకుతుంది కాబట్టి దాని గిన్నెను వంటింటి మూల ఎప్పుడూ ఉంచే ఉంచుతాను. కొన్ని వారాలుగా ఆ గిన్నె నిండా చిన్న ఎర్రచీమలు. స్ప్రే కొడితే ఆ పూటకు పోతాయి, మర్నాటికి మళ్ళీ బారు కడతాయి. మా అత్తగారు గిన్నె చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీయమంటున్నారు. తెలిసినవాళ్ళేమో కర్పూరం, లవంగ నూనె, వెల్లుల్లి అని తలా ఒకటి చెబుతున్నారు. ఇప్పుడు పిల్లి గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, తినకుండా వెళ్ళిపోతోంది. చీమలు కడుపులోకి వెళితే ప్రమాదమా? వీటిని రాకుండా చేసే దారి చెప్పండి.

సమాధానం: ఉత్తరమంతా చీమల గురించే రాశారు గానీ, నాకు కంగారు పుట్టించిన మాట చివర్లో ఉంది. పిల్లి తినకుండా వెళ్ళిపోతోందన్నారు. ముందు దాని సంగతి చూసి, తర్వాత చీమల దగ్గరికి వద్దాం.

కుక్క ఒక పూట పస్తున్నా పెద్ద నష్టం లేదు. పిల్లి ఒంటి తీరు వేరు. అది ఒకటి రెండు రోజులు ఏమీ తినకుండా ఉంటే ఒంట్లోని కొవ్వంతా కదిలి వచ్చి కాలేయంలో పేరుకోవడం మొదలవుతుంది. లావుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కాలేయం దెబ్బతింటే ఆకలి చచ్చిపోతుంది, ఆకలి లేక తినకపోతే కాలేయం ఇంకా పాడవుతుంది. అందుకని ఈ పూటే బాగా కడిగిన వేరే గిన్నెలో కొత్తగా తీసిన తిండి వేసి, వంటింట్లో కాకుండా ఇంకో గదిలో పెట్టి చూడండి. గిన్నె మార్చమనడానికి కారణం ఉంది. మూతి మీద చీమ కరిచిన చోటును, ఆ గిన్నెను పిల్లి గుర్తుపెట్టుకుంటుంది. చీమలు పోయాక కూడా కొన్నాళ్ళు అటు వెళ్ళడానికి జంకుతుంది. కొత్త చోట ఆత్రంగా తిన్నదంటే తగువు చీమలతోనే అని తేలిపోయినట్టు. అక్కడా ముట్టకపోతే నెపం చీమల మీద వేసి ఊరుకోకండి. పంటి నొప్పి కావచ్చు, కడుపులో వికారం కావచ్చు, మీరు కొట్టిన స్ప్రే ఒంట్లోకి వెళ్ళి ఉండవచ్చు. ఒక రోజు పూర్తిగా గడిచినా ఏమీ తినకపోతే పశువైద్యుడికి చూపించాలి.

చీమలు కడుపులోకి వెళితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. తిండితో పాటు నాలుగు చీమలు మింగినంత మాత్రాన పిల్లికీ ఏమీ కాదు, కుక్కకూ ఏమీ కాదు. అరిగిపోతాయి. బాధంతా మింగకముందే. మూతి మీద, పెదవుల మీద, నాలుక మీద కరుస్తాయి. కొన్ని జాతుల చీమలు ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి, ఆ ఘాటుకు పిల్లి ముఖం తిప్పుకుంటుంది. ఫైర్ యాంట్ రకం చీమలైతే పొట్ట చివరి ముల్లుతో కుట్టి విషం ఎక్కిస్తాయి. మూతి వాచినా, చొంగ కారుతున్నా, పంజాతో మూతిని అదేపనిగా రుద్దుకుంటున్నా కుట్టాయని అనుకోవాలి. చాలాసార్లు కాసేపటికి అదే తగ్గుతుంది. వాపు గొంతు వైపు పాకినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా, వాంతులతో పాటు నీరసించిపోయినా మాత్రం ఇంట్లో ఏ చిట్కా చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక స్ప్రే కొట్టినా మర్నాటికి ఎందుకు వస్తున్నాయో చెబుతాను. ఇది తెలిస్తే చేయవలసిన పనులన్నీ మీకే తడతాయి.

గిన్నె దగ్గర మీకు కనిపించేవి ఆ పుట్టలో ఉన్నవాటిలో కొద్ది భాగమే. తిండి వెతకడానికి బయటికి వచ్చేవి కొన్ని, మిగతావన్నీ గోడ లోపలో, నేల కిందో, రాణితో పిల్లలతో ఉంటాయి. వెతకడానికి వచ్చిన ఒక చీమకు మీ పిల్లి గిన్నె దొరికిందనుకోండి. అది తిరిగి వెళ్ళేటప్పుడు పొట్ట చివర నేలకు తాకిస్తూ ఒక వాసన పూసుకుంటూ పోతుంది. ఆ వాసన పట్టుకుని ఇంకొన్ని వస్తాయి, అవి కూడా తిండితో వెళుతూ దాని మీదే మళ్ళీ పూస్తాయి. అలా గంట తిరగకుండానే సన్నని గీత పెద్ద బారు అవుతుంది. తిండి అయిపోతే ఖాళీ నోటితో తిరిగి వెళ్ళేవి వాసన పూయవు, దారి నెమ్మదిగా మాసిపోతుంది. మీరు స్ప్రే కొట్టి బారులో ఉన్నవాటిని చంపారు సరే, గిన్నె అక్కడే ఉంది, పుట్ట అక్కడే ఉంది. మర్నాడు ఇంకో బృందం వస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు చెప్పిన చిన్న ఎర్రచీమలు రెండు మిల్లీమీటర్ల పొడవుండి, పసుపు ఎరుపు కలిసిన రంగులో, పొట్ట చివర కాస్త నల్లగా ఉంటే అవి ఫరో చీమలు అయి ఉండవచ్చు. వీటి పుట్టలో రాణి ఒక్కతే ఉండదు, చాలామంది ఉంటారు. స్ప్రే ఘాటు తగిలితే పుట్ట బెదిరి, కొన్ని రాణులు కొన్ని కూలిచీమలను, పిల్లలను వెంటబెట్టుకుని వేరే మూలల్లో కాపురం పెడతాయి. ఒక పుట్ట ఉన్న ఇంట్లో నాలుగు తయారవుతాయి. కాబట్టి స్ప్రే డబ్బాను ఈ రోజుతో పక్కన పెట్టేయండి. పిల్లి తినే చోట ఆ మందు పడటం ఎలాగూ మంచిది కాదు.

ఇంట్లో ఇన్ని తినే వస్తువులు ఉండగా పిల్లి తిండి మీదే ఎందుకు పడుతున్నాయని మీకు అనిపించి ఉంటుంది. డ్రై ఫుడ్ గుళికలను తయారుచేసేటప్పుడు చివర్లో పైన కొవ్వు పూస్తారు, పిల్లికి, కుక్కకు వాసన నచ్చాలని. అదే వాసన చీమనూ పిలుస్తుంది. పూర్తిగా ఎదిగిన చీమలు గట్టి పదార్థాన్ని మింగలేవు, ద్రవాలే తాగుతాయి. మీ గిన్నె నుంచి మోసుకెళ్ళే ముక్కలన్నీ పుట్టలోని లార్వాలకు, అంటే ఇంకా కాళ్ళు రాని పిల్లలకు. వాటి ఎదుగుదలకు మాంసకృత్తులు, కొవ్వు కావాలి. పుట్టలో పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లో పంచదార పక్కన పెట్టినా చూడకుండా పిల్లి గిన్నె వైపే నడుస్తాయి. చక్కెర వేరే మూల పోస్తే అటు మళ్ళుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. మహా అయితే అక్కడ ఇంకో బారు కడుతుంది.

ఇప్పుడు మీ అత్తగారి మాటకు వస్తాను. గీత గీయమన్న ఆవిడ ఆలోచన నిజానికి సరైనదే. చీమకూ గిన్నెకూ మధ్య దాటలేని హద్దు ఉండాలి, దీనికి అంతకంటే మంచి ఉపాయం లేదు. ఆ హద్దును చాక్‌పీసుతో కాకుండా నీళ్ళతో గీద్దాం అని ఆవిడకు చెప్పండి.

చాక్‌పీసు ఎందుకు వద్దంటున్నానంటే, చూడటానికి సున్నపుముక్కలా ఉన్నా అందులో ఉండేది పురుగుమందు. సాధారణంగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటివి కలుపుతారు. ఆ జాతి మందులను కుక్క ఒళ్ళు కొంతవరకు విరిచి బయటికి పంపగలదు. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము చాలా తక్కువ. గీత మీద నడిచిన పిల్లి పాదాలకు పొడి అంటుతుంది, పిల్లి అన్నాక పాదాలు నాకకుండా ఉండదు. మోతాదు ఎక్కువైతే చొంగ, ఒణుకు, చెవులు కొట్టుకోవడం, చివరికి మూర్ఛ. గిన్నె చుట్టూ గీయడమంటే తిండికి వచ్చిన ప్రతిసారీ దాన్ని తొక్కించడమే. ఇప్పటికే గీసి ఉంటే తడిబట్టతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగేయండి. తుడిచిన బట్టను వేరే పనికి వాడకండి. పిల్లి పాదాలను గోరువెచ్చని నీళ్ళతో కొద్దిగా సబ్బు వేసి కడిగి, బాగా తుడవండి. పైన చెప్పిన లక్షణం ఏ ఒక్కటి కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ చాక్‌పీసు ప్యాకెట్టు వెంట తీసుకెళ్ళండి. అందులో ఏ మందు ఉందో తెలిస్తే వైద్యం సులువవుతుంది.

మీ ఇంట్లో కుక్క కూడా ఉంది కాబట్టి, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కుక్కల గోమార్లకు, ఈగలకు మెడ మీద చుక్కలుగా వేసే కొన్ని మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి ప్రాణం తీసేంత విషం. కుక్కకు ఆ మందు వేసినప్పుడు ఆరేదాకా రెంటినీ కలిసి పడుకోనివ్వకండి, ఆ మందును పిల్లికి ఎప్పుడూ వేయకండి. చీమల చాక్‌పీసు, స్ప్రే, ఈ చుక్కల మందు, వీటిలో వాడేవి చాలావరకు ఒకే కుటుంబానికి చెందిన మందులు.

తెలిసినవాళ్ళు చెప్పినవాటిలో కూడా పిల్లికి సరిపడేది ఒక్కటీ లేదు. కర్పూరం నోట్లోకి వెళ్ళినా, చర్మం నుంచి ఇంకినా మూర్ఛలు తెప్పించగలదు. లవంగ నూనెలోని ఘాటు పదార్థాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. టీట్రీ, పుదీనా, యూకలిప్టస్, నిమ్మజాతి తొక్కల నూనెలు కూడా అంతే. వెల్లుల్లి, ఉల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి, కుక్కకూ మంచివి కావు, పిల్లికి ఇంకా చెడు. కాఫీ పొడి చల్లమని చెప్పేవాళ్ళూ ఉంటారు, కాఫీలోని కెఫీన్ రెంటికీ విషమే. నాఫ్తలీన్ ఉండలను ఇంట్లో ఏ మూలా వేయకండి. కారం, మిరియాల పొడి విషం కాకపోయినా తినడానికి మూతి వంచిన జంతువు కళ్ళలో, ముక్కులో పడుతుంది. పసుపు చల్లితే ప్రమాదం లేదు, ఫలితం కూడా పెద్దగా లేదు. ఒక వాసనను ఇంకో వాసనతో కప్పాలని చూసే చిట్కాలన్నిటిలో ఒకే లోపం: ఘాటు తగ్గగానే చీమలు వస్తాయి, తగ్గకపోతే పిల్లే రాదు. పిల్లి ముక్కు మనకంటే ఎన్నో రెట్లు చురుకైనది.

ఇప్పుడు నీళ్ళ సంగతి వివరంగా చెబుతాను. ఇది చాలామంది చేస్తారు, చేసి "పనిచేయలేదు" అని వదిలేస్తారు. పనిచేయకపోవడానికి చిన్న చిన్న కారణాలుంటాయి.

అడుగు చదునుగా ఉన్న వెడల్పాటి పళ్ళెం ఒకటి తీసుకోండి. మధ్యలో బరువైన చిన్న గిన్నెను బోర్లించండి. దాని మీద పిల్లి తిండి గిన్నె పెట్టండి. పళ్ళెంలో నీళ్ళు పోయండి. బోర్లించిన గిన్నెకూ పళ్ళెం అంచుకూ మధ్య అన్ని వైపులా కనీసం రెండు వేళ్ళ వెడల్పు నీళ్ళుండాలి, లోతు ఒక వేలి మందం ఉంటే చాలు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే పైన పెట్టిన తిండి గిన్నె అంచు ఎక్కడా పళ్ళెం అంచుకు తగలకూడదు, దాని దగ్గరదాకా చాచి ఉండకూడదు. చాలా ఇళ్ళలో దెబ్బ తినేది ఇక్కడే. గిన్నె పక్కకు జరిగి పళ్ళేన్ని ఆనుకుంటే చీమకు వంతెన కట్టి ఇచ్చినట్టే. బోర్లించిన గిన్నె జారకుండా అడుగున రబ్బరు ముక్క పెట్టండి. పైన, కింద రెండు గిన్నెలూ కదలకుండా ఇమిడేవి చూసుకోండి. ఇలా కందకంతో కలిపి చేసిన గిన్నెలు దుకాణాల్లో కూడా దొరుకుతాయి. కొనేటప్పుడు కందకం బయటికి తెరుచుకుని ఉందా, గిన్నె కింద దాగి ఉందా చూడండి. కింద దాగి ఉన్నదైతే పిల్లి అందులో మూతి పెట్టలేదు, తిండి రాలి పడేదీ తక్కువే.

పళ్ళేన్ని గోడకు ఒక జానెడు దూరంలో పెట్టండి. పక్కన చీపురు, తెర, తాడు, ఫ్రిజ్ వైరు, ఏదీ గిన్నెకు తగలకుండా ఉండాలి. చీమలు నేల మీద కంటే అంచుల వెంట, వైర్ల వెంట నడవడానికే ఇష్టపడతాయి. మీరు ఎంచుకున్న వంటింటి మూల వాటికి రెండు గోడల దారి కలిసే కూడలి. కుదిరితే మూల నుంచి మధ్యకు జరపండి.

కందకంలో పడ్డ గుళికలను ఎప్పటికప్పుడు తీసేయాలి. ఒక గుళిక నీళ్ళలో పడితే ఉబ్బి తేలుతుంది, దాని కొవ్వు నీటి మీద పొరలా పరుచుకుంటుంది. పిల్లి వెంట్రుకలు, దుమ్ము ఆ పొరలో చిక్కుకుంటాయి. నీటికి పైన సన్నని తొడుగులాంటి బిగువు ఉంటుంది కదా, చిన్న చీమ బరువుకు అది తెగదు. దుమ్ము పొర కూడా తోడైతే చీమలు దాని మీద నడిచి దాటేస్తాయి. నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేస్తే ఆ బిగువు పోయి మునిగిపోతాయన్నది నిజమే. కానీ మీ పిల్లి తాగే అవకాశమున్న తెరిచిన కందకంలో సబ్బు వేయకండి, కడుపు చెడుతుంది. మామూలు నీళ్ళే పోసి రోజూ మార్చండి, చాలు. కందకం గిన్నె కింద దాగి ఉన్న రకమైతే ఒక చుక్క వేసుకోవచ్చు.

రోజూ మార్చమనడానికి దోమలు కూడా కారణమే. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కొన్ని దోమలు గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అతికిస్తాయి. నీళ్ళు పారబోసినా అవి అక్కడే ఎండి ఉండి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి వారానికి ఒకసారైనా పళ్ళెం లోపలి అంచును పీచుతో గట్టిగా రుద్దండి. పారబోసేటప్పుడు ఇంకో సంగతి: నీళ్ళలో పడ్డ చీమ చచ్చిందనుకుంటాం, గంటల తర్వాత కూడా ఆరబెడితే లేచి నడిచేవి ఉంటాయి. వాటిని వంటింటి చెత్తబుట్టలో వేయకుండా బయట పారబోయండి.

పెట్రోలియం జెల్లీ పూస్తే చీమ ఎక్కలేదని కూడా అంటారు. కొన్నాళ్ళు పనిచేస్తుంది, తర్వాత దుమ్ము పట్టి దారి అయిపోతుంది. పిల్లి నాకే ఎత్తులో అసలు వద్దు. డయటమేషియస్ ఎర్త్ అనే తెల్లపొడి చీమ ఒంటి మీది మైనపు పొరను గీరి దాన్ని ఎండబెట్టి చంపుతుంది. తడి తగిలితే అది పనికిరాదు, పొడిగా ఉంటే గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. గోడ పగుళ్ళ లోపలికి ఎక్కించి మూసేస్తే తప్ప, జంతువులు తిరిగే నేల మీద చల్లేది కాదు.

నీళ్ళ గీత గీసేముందు పాత వాసన దారిని చెరిపేయాలి. చెరిపేముందు అది ఎక్కడి నుంచి వస్తోందో చూసుకోవాలి. ఈ వరస తప్పకండి. చాలామంది చీమలు కనిపించగానే తుడిచేస్తారు, అవి ఎటు నుంచి వచ్చాయో చెప్పే ఒకే ఒక ఆధారాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. ఒక రెండు గుళికలు నేల మీద వేసి, బారు కట్టనిచ్చి, టార్చి పట్టుకుని వెనక్కి వెళ్ళండి. స్కర్టింగ్ టైల్ సందు, సింకు పైపు గోడలోకి వెళ్ళే చోటు, కిటికీ చట్రం, స్విచ్ బోర్డు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత బారును తడిబట్టతో ఎత్తేసి, గుర్తు నుంచి గిన్నె ఉండే చోటు దాకా సబ్బునీళ్ళతో రుద్ది కడగండి. టైల్స్ సందుల్లో పాత బ్రష్ వాడండి, వాసన అక్కడే దాక్కుంటుంది. వెనిగర్ కలిపిన నీళ్ళు కూడా పనికొస్తాయి గానీ, పిల్లి తినే చోట ఆ పులుపు వాసన మిగలకుండా మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. నేల ఆరాక సందును సిలికాన్‌తో గానీ సిమెంటుతో గానీ పూడ్చేయండి. మర్నాడు ఇంకో సందు నుంచి రావచ్చు, నిరాశ పడకండి. దాన్నీ అలాగే పట్టుకోండి.

గిన్నె సంగతి ఒక మాటలో: ప్లాస్టిక్ మానేసి స్టీలుగానీ పింగాణీగానీ వాడండి. ప్లాస్టిక్ గీతలు పడి జిడ్డు పీల్చుకుంటుంది, ఎంత తోమినా వాసన వదలదు. రోజుకొకసారి లోపలే కాదు, అడుగు భాగం కూడా తోమండి.

మీ పిల్లి రోజంతా కొరుకుతుందని రాశారు. అది దాని తప్పు కాదు. పిల్లిని దాని ఇష్టానికి వదిలేస్తే రోజుకు పది నుంచి ఇరవై సార్లు చిన్న చిన్న ముద్దలుగా తింటుంది. దాన్ని హఠాత్తుగా రెండు పూటల తిండికి మార్చకండి, ముఖ్యంగా ఇప్పుడు తిండి మీద బెదిరి ఉన్న సమయంలో. అయితే రోజుకు సరిపడే తిండంతా ఒకేసారి గిన్నెలో పోయవలసిన పని లేదు. నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా వేయండి. గిన్నెలో ఎంత తక్కువ ఉంటే వాసన అంత తక్కువ, చీమలు పట్టినా పారేసేదీ తక్కువే. తడి తిండి పెడితే రెండు గంటలకు మించి బయట ఉంచకండి. చీమల మాట అటుంచి, వెచ్చని గదిలో అది చెడిపోతుంది. రాత్రి మీరు పడుకున్నాక పిల్లి తినడానికి కొంచెం డ్రై ఫుడ్ ఉంచాలి కదా, నీళ్ళ కందకం అసలు అవసరం అప్పుడే. గిన్నెను బల్ల మీద పెడితే చీమలు రావనుకోకండి, ఎత్తు వాటికి అడ్డం కాదు. కుక్క నోటికి అందకుండా ఉండటానికి మాత్రం బల్ల పనికొస్తుంది.

కుక్కకు కందకం పెట్టకండి. అది తినేటప్పుడు గిన్నెను మూతితో తోసుకుంటూ గదంతా తిరుగుతుంది, నీళ్ళన్నీ నేల పాలవుతాయి, ముసలి కాళ్ళు జారతాయి. పెట్టగానే తినేస్తుందన్నారు కదా, తినగానే గిన్నె తీసి కడిగేసి, చుట్టూ రాలిన ముక్కలు తుడిచేస్తే దాని సమస్య తీరినట్టే. ముసలి కుక్కలు నములుతుంటే పక్కన రాలేవి ఎక్కువ, కింద ఒక రబ్బరు మ్యాట్ వేస్తే ఎత్తి దులపడం తేలిక.

నిలవ ఉంచే సంచీని కూడా ఒకసారి చూడండి. పైన మడిచి క్లిప్పు పెట్టిన సంచీ చీమకు అడ్డం కాదు, కాగితాన్నీ పలచని ప్లాస్టిక్‌నూ కొరికి వెళ్ళగలవు. మూతకు రబ్బరు పట్టీ ఉన్న డబ్బాలో పెట్టండి. తిండిని డబ్బాలో నేరుగా ఒంపేయకుండా సంచీతో సహా పెట్టడం మంచిది. గడువు తేదీ, బ్యాచ్ నంబరు సంచీ మీదే ఉంటాయి, ఎప్పుడైనా తిండిలో తేడా అనిపిస్తే అవి కావాలి. కొత్త సంచీ పెట్టేముందు డబ్బాను కడిగి బాగా ఆరబెట్టండి, అడుగున పేరుకున్న పాత కొవ్వు ముక్కిపోయి వాసన వస్తుంది. ఇప్పుడు ఉన్న సంచీలో చీమలు దూరి ఉంటే, దాని మీద ఏ మందూ పడకపోయి ఉంటే, గట్టి కవరులో కట్టి ఒక రోజు ఫ్రీజర్‌లో ఉంచి, జల్లించి వాడుకోవచ్చు. స్ప్రే తగిలిందన్న అనుమానం ఏమాత్రం ఉన్నా పారేయండి.

ఇవన్నీ చేశాక కూడా ఇల్లంతా చీమలు తిరుగుతుంటే అప్పుడు పుట్ట దాకా వెళ్ళాలి. దానికి స్ప్రే కంటే ఎర మందు సరైనది. ఎరలోని మందు నిదానంగా పనిచేస్తుంది, తిన్న చీమ వెంటనే చావదు. పుట్టకు వెళ్ళి మిగతావాటికి నోటి నుంచి నోటికి పంచుతుంది, అలా రాణి దాకా చేరుతుంది. పక్కన తీపి చుక్క, కొవ్వు ముక్క రెండూ పెట్టి ఏది ముట్టుకుంటున్నాయో ముందు చూడండి, ఆ రకం ఎరే కొనండి. ఇంట్లోనే బోరిక్ పౌడరు పంచదారలో కలిపి మూతలో పోసి పెట్టే పని మాత్రం చేయకండి. ఆ తీపి చీమకు నచ్చినట్టే మీ కుక్కకూ నచ్చుతుంది. మూసిన డబ్బీలో వచ్చే ఎరనే, జంతువుల పంజా దూరని చోట, చీమలు ఇప్పుడు వస్తున్న సందు దగ్గర పెట్టండి. తిండి గిన్నెకు ఎంత దూరమైతే అంత మంచిది. ఎర పెట్టిన రోజుల్లో ఆ దారిని తుడవకండి, చీమలు ఎక్కువ కనిపించినా ఓర్చుకోండి. అవి ఎరను మోస్తున్నాయంటే పని జరుగుతున్నట్టే.

ఫరో చీమలైతే ఇంట్లో ఒకేసారి చాలా చోట్ల ఎర పెట్టవలసి వస్తుంది, ఆ పని తెలిసినవాళ్ళతో చేయించుకోవడం మంచిది. వాళ్ళు వచ్చేముందే ఇంట్లో పిల్లి, కుక్క ఉన్నాయని చెప్పండి. ఏ మందు వాడుతున్నారో పేరు అడిగి రాసుకోండి. స్ప్రే చేస్తామంటే వద్దని, ఎర మాత్రమే పెట్టమని గట్టిగా అడగండి. ఆ రోజు తిండి గిన్నెలు, నీళ్ళ గిన్నెలు, పిల్లి పడుకునే గుడ్డలు అన్నీ ముందే ఎత్తి వేరే గదిలో పెట్టి తలుపు వేయండి.